తాటి రొట్టె

తాటి రొట్టె బాగా పండిన తాటి పండు గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కలిపి, దళసరి పాత్రలో పైనా క్రిందా సన్నని వేడి తగిలేటట్లు నెమ్మదిగా కాల్చి తయారుచేసే వంటకం. కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాలలో వర్షాకాలంలో, ముఖ్యంగా శ్రావణ, భాద్రపద మాసాలలో, దీనిని ఉదయపు ఫలహారంగాను సాయంకాలపు చిరుతిండిగాను తింటారు.

ధాన్యాన్ని, పండును ఒకే పాత్రలో కలిపి కాల్చే అల్పాహారాలు ప్రపంచంలో అనేక చోట్ల ఉన్నాయి. పాశ్చాత్య దేశాలలో ఓట్స్‌ను పాలు, పండ్లతో కలిపి ఓవెన్‌లో కాల్చుకొనే వంటకం ఆ కోవలోనిదే. తెలుగునాట ఆ కోవకు చెందిన పాత వంటకం తాటి రొట్టె. దీనికి కావలసిన పండును కొనవలసిన పని లేదు. చెట్టు క్రింద రాలినదానిని ఏరుకొంటే చాలు. అయినప్పటికీ నేడు చాలా గ్రామాలలో ఈ పండ్లు ఏరేవారు లేక గట్లమీదనే కుళ్ళిపోతున్నాయి.

పేరు

తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో రొట్టె అనగానే జొన్న రొట్టె, సజ్జ రొట్టె వలె చేతితో తట్టి పెనంమీద కాల్చే పలుచని రొట్టె గుర్తుకు వస్తుంది. కోస్తా జిల్లాలలో అదే మాటకు మరొక అర్థం కూడా ఉంది. పిండిని మూకుడులో రెండు మూడు అంగుళాల మందంగా పోసి, మూత పెట్టి కాల్చిన దానిని కూడా రొట్టె అంటారు. మినప్పప్పు, బియ్యపు రవ్వతో చేసే దిబ్బ రొట్టె ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. తాటి రొట్టె కూడా ఈ రెండవ అర్థంలోనే రొట్టె. తాటి పండు నుండి తీసిన గుజ్జును తాటి పేసం అని కూడా అంటారు.

తాటి పండు, దాని కాలం

తాడి చెట్టు శాస్త్రీయ నామం బొరాసస్ ఫ్లాబెల్లిఫర్. ఇందులో ఆడ చెట్లు, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి. మగ చెట్టును పోతు తాడి అంటారు. అది కాయలు కాయదు. ఆడ చెట్టు కాయలు వేసవిలో లేతగా ఉన్నప్పుడు లోపలి గింజలే ముంజలు. ముంజలకోసం కోయకుండా వదిలిన కాయలు వర్షాకాలానికి ముదిరి, నల్లని తొక్క, నారింజ రంగు గుజ్జు, ఘాటైన సువాసన గల పండ్లవుతాయి. అప్పటికి లోపలి ముంజలు గట్టిపడి టెంకలవుతాయి. సాధారణంగా ఒక పండులో మూడు టెంకలు ఉంటాయి. కొన్నింటిలో ఒకటి లేక రెండే ఉంటాయి. కనుక వేసవిలో గెలలన్నీ ముంజలకై కోసివేసిన చెట్టునుండి రొట్టెకు పండు దొరకదు.

పండిన పండును ఎవరూ చెట్టెక్కి కోయనవసరం లేదు. పక్వానికి రాగానే అదే రాలిపడుతుంది. కాకి వచ్చి వాలగానే తాటి పండు రాలిపడటం వలె, సంబంధం లేని రెండు సంఘటనలు ఒకేసారి జరగడాన్ని కాకతాళీయం అంటారు. ఈ మాట పుట్టినది ఈ పండు నుండే. సంస్కృతంలో తాళం అంటే తాడి.

డెల్టాలో తాడి చెట్టు

విజయవాడ వద్ద కృష్ణా నదిపై తొలి ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆనకట్టనుండి బయలుదేరిన ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ నదికి ఎడమవైపున, కొమ్మమూరు కాలువ కుడివైపున వరి సాగుకు ఆధారమైనాయి. నీరు పారే పొలంలో వరి పండితే, నీరు పారించనక్కరలేని గట్లమీద, మెరక భూములలో, తీరప్రాంతపు ఇసుక దిబ్బలపై తాడి పెరిగింది. తాటి రొట్టెలో కలిసే రెండు ముఖ్య పదార్థాలు ఈ విధంగా ఒకే చేనునుండి, ఒకటి మడిలోంచి, మరొకటి గట్టుమీదనుంచి వచ్చినవి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి విజయవాడ కేంద్రంగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడింది, మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా కొనసాగింది. ఈ వ్యాసంలో డెల్టా అనే మాటను పాలనా సరిహద్దులతో సంబంధం లేకుండా, కాలువల క్రింది ప్రాంతమంతటికీ వాడడమైనది.

పండును ఎంచుకొనుట

రాలి ఒక రోజు దాటని పండు మేలు. తొక్క పగిలినవి, పురుగు పట్టినవి, పులిసిన వాసన వచ్చేవి పనికిరావు. అన్ని చెట్ల పండ్లూ ఒకే విధంగా ఉండవు. కొన్నింటి గుజ్జు తియ్యగా, కొన్నింటిది చేదుగా ఉంటుంది. ఈ చేదుకు ఫ్లాబెల్లిఫెరిన్లు అనే సాపోనిన్ వర్గపు పదార్థాలు కారణం. బెల్లం ఎంత వేసినా గట్టి చేదు పూర్తిగా పోదు. అందువలన గుజ్జును ముందుగా నాలుకపై వేసి రుచి చూచి, బాగా చేదుగా ఉంటే ఆ పండును విడిచిపెట్టవలెను. గ్రామాలలో ఏ చెట్టు పండు తీపి, ఏది చేదు అనేది అనుభవంమీద తెలిసి ఉంటుంది.

గుజ్జు తీసే విధానం

# పండును బాగా కడిగి, పైనున్న ముచ్చికను ఊడదీయవలెను.
# నల్లని తొక్కను చేతితో ఒలిచి, టెంకలను ఒకదానినుండి మరొకటి విడదీయవలెను. గుజ్జు టెంకను అంటిపెట్టుకొన్న పీచులో ఉంటుంది.
# కొద్దిగా నీరు చిలకరించి టెంకను చేతితో పిసికి, జల్లెడమీద గాని, శుభ్రమైన వెదురు బుట్ట వెనుకవైపున గాని రుద్దితే గుజ్జు దిగుతుంది.
# దిగిన గుజ్జును మరొకసారి వడగట్టి పీచు తీసివేయవలెను.
# కొంచెం చేదు ఉన్నట్లయితే గుజ్జును పలుచని గుడ్డలో మూటకట్టి కొన్ని గంటలు వ్రేలాడదీయవలెను. చేదు నీరు కొంత కారిపోతుంది.
# చివరగా గుజ్జును సన్నని సెగపై పది నిమిషాలు కలియబెడుతూ ఉడికిస్తే పచ్చివాసన పోతుంది.

పండును నిప్పులలో కాల్చి తినే అలవాటు కూడా పల్లెలలో ఉన్నది. కాల్చిన పండునుండి గుజ్జు సులభంగా వస్తుంది.

కావలసిన పదార్థాలు

ఈ కొలతలు ఎనిమిది ముక్కలకు సరిపోతాయి.

* తాటి పండు గుజ్జు - 500 గ్రాములు
* బియ్యపు రవ్వ - 300 గ్రాములు
* బెల్లపు తురుము - 200 గ్రాములు (పండు తియ్యగా ఉంటే 150 చాలు)
* పచ్చి కొబ్బరి తురుము లేక సన్నని ముక్కలు - 100 గ్రాములు
* ఏలకులు - 5
* ఉప్పు - చిటికెడు
* నెయ్యి - 3 చెంచాలు

రవ్వ మరీ సన్నగా ఉంటే రొట్టె జిగురుగా వస్తుంది. ఉప్మాకు వాడే బియ్యపు రవ్వ అనుకూలంగా ఉంటుంది.

తయారుచేసే విధానం

పిండి కలుపుట

గుజ్జు చల్లారిన తరువాత బెల్లం వేసి కరిగేదాకా కలపవలెను. బెల్లంలో ఇసుక ఉందనే అనుమానం ఉంటే ముందుగా కొద్ది నీటిలో కరిగించి వడగట్టవలెను. తరువాత రవ్వ, కొబ్బరి, ఏలకుల పొడి, ఉప్పు కలిపి మూతపెట్టి కనీసం మూడు గంటలు నాననివ్వవలెను. రవ్వ గుజ్జులోని తడిని పీల్చుకొని ఉబ్బుతుంది. ఈ నానుడు చాలనప్పుడు రొట్టె లోపల రవ్వ పలుకుగా మిగిలిపోతుంది. ఉదయం ఫలహారానికి చేసేవారు రాత్రే కలిపి ఉంచుకొంటారు. అయితే తాటి గుజ్జు త్వరగా పులుస్తుంది కనుక రాత్రంతా ఉంచదలచినప్పుడు ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. నానిన పిండి ఇడ్లీ పిండికన్నా కొంచెం గట్టిగా ఉండవలెను. మరీ గట్టిపడితే కొద్దిగా పాలు లేక నీరు కలపవచ్చు.

కుంపటిపై

ఇది పాత పద్ధతి. ఇనుప మూకుడులో గాని కళాయి వేసిన ఇత్తడి గిన్నెలో గాని నెయ్యి రాచి పిండిని రెండు అంగుళాల మందంగా పోస్తారు. కుంపటిలో మంట లేకుండా కణకణలాడే నిప్పులు మాత్రమే ఉంచి, గిన్నెపై పళ్ళెం మూతపెట్టి, మూతమీద కూడా కొన్ని నిప్పులు వేస్తారు. క్రింది వేడివలన అడుగు, పై వేడివలన పైభాగం ఎర్రబడతాయి. నిప్పులు చల్లారుతున్నకొద్దీ వేడి తగ్గుతుంది కనుక రొట్టె మాడే భయం తక్కువ. ఓవెన్ చేసే పని ఇదే. కాకపోతే ఇక్కడ వేడిని అదుపుచేసేది మీట కాదు, బూడిద. వేడి ఎక్కువైనట్లు తోస్తే నిప్పులపై బూడిద కప్పుతారు.

గ్యాస్ పొయ్యిపై

పొయ్యిమీద ముందుగా ఇనుప పెనం పెట్టి, దానిపై నెయ్యి రాచిన దళసరి గిన్నెను ఉంచవలెను. పిండి పోసి, మూతపెట్టి, అతి సన్నని సెగపై 40 నుండి 45 నిమిషాలు ఉంచవలెను. అంచులు గిన్నెను వదలినప్పుడు పళ్ళెంలోకి బోర్లించి, రెండవవైపు మరొక 10 నిమిషాలు కాల్చవలెను.

ఓవెన్‌లో

ఓవెన్‌ను 180 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేసుకొని, నెయ్యి రాచిన పాత్రలో పిండి పోసి 45 నుండి 55 నిమిషాలు కాల్చవలెను. మధ్యలో గుచ్చిన చాకు తడి పిండి అంటకుండా రావలెను.

ఏ పద్ధతిలో చేసినా రొట్టెను వేడిమీద కోయరాదు. అరగంట ఆరిన తరువాత కోస్తే ముక్క విరగదు. దీనిని వెన్నతో గాని, గట్టి పెరుగుతో గాని తినవచ్చు.

ఓట్స్‌తో తాటి రొట్టె

ఓట్స్ శీతల ప్రాంతపు ధాన్యం. డెల్టాలో పండదు, ప్యాకెట్లలో దొరుకుతుంది. బియ్యపు రవ్వకు బదులుగా దీనిని వాడితే రొట్టె మెత్తగా, పుడ్డింగువలె వస్తుంది. ఆరు ముక్కలకు కొలతలు ఇవి:

* అటుకులవలె నొక్కిన ఓట్స్ - 200 గ్రాములు
* తాటి గుజ్జు - 250 గ్రాములు
* కాచి చల్లార్చిన పాలు - 300 మిల్లీలీటర్లు
* బెల్లం - 75 గ్రాములు
* వేరుశెనగ పప్పు లేక జీడిపప్పు - గుప్పెడు
* ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, నెయ్యి

అన్నీ కలిపి అరగంట నాననిచ్చి, 180 డిగ్రీల వేడిలో 35 నుండి 40 నిమిషాలు కాల్చవలెను. బెల్లాన్ని మరుగుతున్న పాలలో వేస్తే పాలు విరిగే అవకాశం ఉంది కనుక చల్లారిన పాలలోనే కలపవలెను. రెండు నిమిషాలలో ఉడికే రకం ఓట్స్ వాడితే రొట్టె ముద్దగా అవుతుంది.

తాటి పండు దొరకని నెలలలో ఇదే కొలతకు ఇతర పండ్లు వాడుకోవచ్చు. వేసవిలో మామిడి రసాలు, మిగిలిన కాలమంతా బాగా మాగిన అరటి పండు లేక సపోటా ఇందుకు తగినవి. అరటి, సపోటా సహజంగానే తీపి కనుక బెల్లం సగానికి తగ్గించవచ్చు. మామిడి రసం పలుచగా ఉంటుంది కనుక పాలు తగ్గించవలెను.

పోషక విలువలు

తాటి గుజ్జుకు నారింజ రంగునిచ్చేవి కెరోటిన్లు. వీటిలో బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ ఏ గా మార్చుకొంటుంది. కెరోటిన్లు కొవ్వుతో కలిసినప్పుడే బాగా జీర్ణమై రక్తంలో చేరతాయి. రొట్టెలోని నెయ్యి, కొబ్బరి ఇందుకు ఉపకరిస్తాయి.

పాలిష్ చేసిన బియ్యంలో పీచు తక్కువ. 100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 7 నుండి 8 గ్రాములు, పీచు 3 గ్రాములకు లోపు ఉంటాయి. అంతే ఓట్స్‌లో మాంసకృత్తులు 13 గ్రాములకు పైగా, పీచు సుమారు 10 గ్రాములు ఉంటాయి. ఓట్స్ పీచులోని బీటా గ్లూకాన్ రక్తంలోని కొలెస్టరాల్‌ను తగ్గించడానికి తోడ్పడుతుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకొనడానికి, గుండె జబ్బుల ముప్పు తగ్గడానికి గల సంబంధాన్ని ఓట్స్ ప్యాకెట్లపై ప్రకటించుకొనేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతించింది. అయితే ఓట్స్ మాత్రమే మంచివని, బియ్యం చెడ్డదని అనుకోనవసరం లేదు. పిండిలో నాలుగోవంతు రవ్వకు బదులు నానబెట్టి రుబ్బిన మినప్పప్పు కలిపినా, రొట్టెతోపాటు పెరుగు, వేరుశెనగ పప్పు తిన్నా మాంసకృత్తుల లోటు తీరుతుంది. దంపుడు బియ్యపు రవ్వ వాడితే పీచు పెరుగుతుంది.

జాగ్రత్తలు

బెల్లం పంచదారకన్నా మంచిదనే భావంతో ఎక్కువగా వేయడం వాడుకలో ఉంది. తీపి విషయంలో రెండింటి లెక్క దాదాపు ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, ఆహారానికి విడిగా చేర్చే చక్కెరలనుండి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో పదో వంతుకు మించరాదు. రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకొనేవారికి అది సుమారు 50 గ్రాములు. పైన చెప్పిన బియ్యపు రొట్టెలో 200 గ్రాముల బెల్లాన్ని ఎనిమిది ముక్కలకు పంచితే ఒక్కొక్క ముక్కకు 25 గ్రాములు వస్తుంది. అనగా రెండు ముక్కలతోనే ఆ రోజు పరిమితికి చేరువ అవుతాము. ఓట్స్ రొట్టెలో ముక్కకు 12 లేక 13 గ్రాములే వస్తుంది.

తాటి పండు మధుమేహాన్ని తగ్గిస్తుందనే మాట వింటూ ఉంటాము. ఫ్లాబెల్లిఫెరిన్లపై శ్రీలంకలో జంతువులపై పరిశోధనలు జరిగాయి. కాని అవి గుజ్జులోని పదార్థంపై జరిగినవే గాని, బెల్లం, బియ్యం కలిసిన రొట్టెపై జరిగినవి కావు. మధుమేహం ఉన్నవారు దీనిని మందుగా భావించరాదు. మిగిలిన పిండివంటలవలెనే లెక్కలోకి తీసుకొని, వైద్యుని సలహామేరకు తినవలెను.

వర్షాకాలపు గాలిలో తేమ ఎక్కువ కనుక రొట్టె బయట ఒక రోజుకు మించి నిలవదు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచవచ్చు. పైన బూజు కనిపిస్తే ఆ ముక్కనే కాక మొత్తం రొట్టెను పారవేయవలెను.

తాటి గుజ్జుతో ఇతర వంటకాలు

డెల్టాలో ఇదే గుజ్జుతో తాటి గారెలు, తాటి బూరెలు, తాటి కుడుములు, తాటి ఇడ్లీలు కూడా చేస్తారు. గుజ్జును చాపమీద పొరలు పొరలుగా పూసి ఎండబెడితే తాటి చాప, అనగా తాటి తాండ్ర, తయారవుతుంది. రొట్టె, కుడుములలో నూనె తక్కువ కనుక నిత్యం తినే ఫలహారానికి ఇవే అనువైనవి.

ఇతర ప్రాంతాలలో

తాడి పెరిగే ఇతర ప్రాంతాలలో కూడా ఇటువంటి వంటకాలున్నాయి. బెంగాలులో కృష్ణాష్టమి రోజులలో తాటి గుజ్జుతో వడలు చేస్తారు. ఒడిశాలో తాటి పిఠా, శ్రీలంకలోని యాళ్పాణం ప్రాంతపు తమిళులలో పనంగాయ్ పణియారం ప్రసిద్ధం. థాయిలాండులో తాటి గుజ్జు, బియ్యపు పిండి, కొబ్బరి పాలు కలిపి ఆవిరిపై ఉడికించే వంటకాన్ని ఖనోమ్ తాన్ అంటారు. అన్నింటిలోను ఉమ్మడిగా కనిపించేది తాటి పండు. కొన్నింటిలో బియ్యం, కొబ్బరి కూడా ఉంటాయి.

టెంకలు, తేగలు, చెట్టు

గుజ్జు తీసిన తరువాత మిగిలిన టెంకలను పారవేయరు. పెరటిలో మెత్తని మట్టి లేక ఇసుక పోసి వాటిని పాతరవేస్తారు. కొన్ని నెలలకు, శీతాకాలంలో, మొలకలు లోనికి దిగి తేగలవుతాయి. వీటిని కుండలో ఉడికించి గాని, నిప్పులలో కాల్చి గాని తింటారు. మొలకెత్తిన టెంకను పగులగొడితే లోపల స్పంజివంటి తియ్యని బుర్రగుంజు ఉంటుంది. త్రవ్వకుండా వదిలిన తేగ మొక్క అవుతుంది. ఈ విధంగా వర్షాకాలపు రొట్టెతో మొదలైన పని శీతాకాలపు చిరుతిండిగాను, చివరకు కొత్త చెట్టుగాను ముగుస్తుంది.

ఈ వరుస ఇప్పుడు తెగిపోతున్నది. రోడ్ల విస్తరణకు, చేపల, రొయ్యల చెరువులకు గట్లమీది చెట్లు తొలగిపోయాయి. వరికోత తరువాత పొలంలో గడ్డి తగులబెట్టినప్పుడు గట్టుమీది లేత తాళ్ళు మాడిపోతాయి. తాడి కాపుకు రావడానికి పన్నెండు పదిహేను సంవత్సరాలు, కొన్ని చోట్ల అంతకుమించి పడుతుంది. పూత వచ్చేదాకా అది ఆడ చెట్టో, పోతు తాడో తెలియదు. కనుక ఈనాడు కొట్టిన చెట్టుకు బదులు చెట్టు కావాలంటే ఒక తరం వేచి ఉండవలెను.

డా. వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానంలో తాడిపైన, తాటి ఉత్పత్తులపైన పరిశోధన జరుగుతున్నది. అయితే చెట్టు నిలవడానికి పరిశోధనతోపాటు వాడకం కూడా అవసరం. ముంజలకు, తేగలకు పట్టణాలలో గిరాకీ ఉన్నది, పండుకు లేదు. పండును వాడే ఇల్లు ఉన్నచోట టెంకలు చేరతాయి, టెంకలు చేరినచోట మొక్కలు మొలుస్తాయి. పండు తిన్న ఇంటివారు పది టెంకలలో రెండింటినైనా తేగలకై త్రవ్వక గట్టుమీద వదిలితే, ఆ గట్టుకు ముందు తరంవారి కాలానికి నీడ, పండు రెండూ మిగులుతాయి.

ఇవి కూడా చూడండి

* తాడి
* తేగలు
* దిబ్బ రొట్టె
* ఓట్స్
* ప్రకాశం బ్యారేజి